పాత వాల్వు రేడియోలో చెడిపోయిన పవర్ సప్లై భాగాలను మార్చడం ఎలా?

అటక మీద నుంచి దించిన వాల్వు రేడియోకు దుమ్ము దులపగానే ప్లగ్గు పెట్టి చూడాలని ఎవరికైనా అనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ముప్పై నలభై ఏళ్లుగా కరెంటు ఎరగని ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లలో అల్యూమినియం రేకు మీద ఉండే సన్నని ఆక్సైడ్ పొర చాలావరకు క్షీణించి ఉంటుంది. ఆ పొరే కండెన్సర్‌కు ఇన్సులేషన్ కాబట్టి, స్విచ్చి వేయగానే అది దాదాపు షార్టు అయినట్టే కరెంటు లాగి, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ వాల్వును, దాని వెనకాలే పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా బలి తీసుకోవచ్చు. కండెన్సర్ పోతే కొద్ది డబ్బుతో కొత్తది వస్తుంది; ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఆ సెట్టు కోసమే చుట్టినది, కాలిపోతే అచ్చం అలాంటిది దొరకడం చాలా కష్టం.

ఉదాహరణగా 1950ల చివర నుంచి 1960ల దాకా మన ఇళ్లలో బాగా కనిపించిన రకాన్ని తీసుకుంటున్నాను: ఏసీ మెయిన్స్ మీద నడుస్తూ, ఈసీహెచ్ 81, ఈబీఎఫ్ 89, ఈబీసీ 81, ఈఎల్ 84 (స్పీకరును నడిపే ఔట్‌పుట్ వాల్వు), ఈజెడ్ 80 (రెక్టిఫయర్) వాల్వులున్న సెట్టు. ఈ కుటుంబానికి చెందిన చాలా వాల్వులను బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ మన దేశంలోనే తయారు చేసింది. అందువల్ల హైదరాబాదు ఎర్రగడ్డ ఆదివారం సంతలోనో, కోఠీ గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో ఓపికగా అడిగి చూడటంలో అర్థముంది. మీ దగ్గరున్న సెట్టులో వాల్వుల పేర్లు వేరైనా పని జరిగే తీరు ఇదే.

పని మొదలుపెట్టే ముందు కరెంటు నడిచే దారి మనసులో ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీలో రెండు వైండింగులుంటాయి. ఒకటి వాల్వుల హీటర్లకు 6.3 వోల్టులు ఇస్తుంది. రెండోది మధ్యలో ట్యాప్ ఉన్న హైటెన్షన్, అంటే అధిక వోల్టేజీ వైండింగు; మన ఉదాహరణలో దాన్ని 250-0-250 వోల్టులు అనుకుందాం. దాని రెండు కొసలు ఈజెడ్ 80 ఆనోడ్లకు, అంటే 1, 7 పిన్నులకు వెళతాయి. 3వ పిన్ను అయిన క్యాథోడ్ నుంచి డీసీ బయటికి వస్తుంది. అక్కడే మొదటి ఎలక్ట్రోలైటిక్, అంటే రిజర్వాయర్ కండెన్సర్ ఉంటుంది. తర్వాత ఒక చోక్ (ఇనుప కోర్ మీద చుట్టిన తీగచుట్ట) గాని, వైరువౌండ్ రెసిస్టర్ గాని, దాని తర్వాత రెండో ఎలక్ట్రోలైటిక్. చాలా సెట్లలో ఈ రెండు కండెన్సర్లూ 50+50 మైక్రోఫారడ్లు, 350 వోల్టులు అని రాసి ఉన్న ఒకే అల్యూమినియం డబ్బాలో ఉంటాయి.

ప్రాణభయం లేని ఏర్పాట్లు

స్విచ్చి కట్టేసి ప్లగ్గు తీసేసినా ఈ డబ్బాలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. 10 కిలో ఓముల, 5 లేదా 10 వాట్ల వైరువౌండ్ రెసిస్టర్‌కు రెండు వైపులా ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులు కట్టి ఉంచుకోండి. చేయి పెట్టే ప్రతిసారీ ముందు ఒక క్లిప్పును కండెన్సర్ నెగటివ్‌కు తగిలించి, రెండోదాన్ని పాజిటివ్ ట్యాగులకు ఒక్కొక్కదానికి కొద్ది సెకన్లు ఆనించి, ఆ తర్వాత మల్టీమీటర్‌తో కొలిచి, 10 వోల్టులలోపు వచ్చిందని కంటితో చూశాకే చేయి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో ఠప్పున షార్టు చేయడం మన మెకానిక్కులలో కొందరికి అలవాటు. దానివల్ల కండెన్సర్ లోపలి అతుకులు దెబ్బతింటాయి, నిప్పురవ్వ కంట్లో పడే ప్రమాదం కూడా ఉంటుంది. కరెంటు ఉన్నప్పుడు కొలవాల్సి వస్తే మీటరు నల్ల తీగను ఛాసిస్‌కు, అంటే భాగాలన్నీ బిగించిన లోహపు చట్రానికి, క్లిప్పుతో బిగించి, ఎర్ర తీగను మాత్రమే ఒక చేత్తో పట్టుకోండి. రెండో చేయి సెట్టుకు దూరంగా ఉండాలి. ఇంట్లో మరొక మనిషి లేనప్పుడు ఈ పని పెట్టుకోకండి.

రెండో ఏర్పాటు సిరీస్ బల్బు బోర్డు. మెయిన్స్ ఫేజు తీగలో ఒక హోల్డరు పెట్టి, అందులో 60 వాట్ల ఫిలమెంటు బల్బు బిగించి, దాని గుండా సెట్టుకు కరెంటు ఇస్తాం. సెట్టులో షార్టు ఉంటే వోల్టేజీ అంతా బల్బు మీద పడి అది పూర్తిగా వెలుగుతుంది, సెట్టు బతికిపోతుంది. ఎల్ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. చల్లగా ఉన్నప్పుడు తక్కువ, వేడెక్కాక ఎక్కువ నిరోధం చూపే టంగ్‌స్టన్ తీగే ఇక్కడ మనకు కావాలి కాబట్టి, పాత ఫిలమెంటు బల్బులు కనిపించినప్పుడు రెండు మూడు కొని దాచుకోండి.

కరెంటు పెట్టకుండానే తెలిసే సంగతులు

వెనక అట్ట విప్పి, నాబులు తీసి, కింది స్క్రూలు విప్పి ఛాసిస్‌ను బయటికి లాగండి. అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి, వాల్వులు ఏ సాకెట్టులో ఏది ఉందో కాగితం మీద గీసుకోండి. తర్వాత కళ్లతో, ముక్కుతో పరీక్షించండి. ఎలక్ట్రోలైటిక్ డబ్బా అడుగున నల్లని రబ్బరు బిళ్ల ఉబ్బినా, ట్యాగుల చుట్టూ ఉప్పు పొక్కినట్టు తెల్లని పొడి కనిపించినా లోపలి ద్రవం కారిపోయిందని అర్థం. ట్రాన్స్‌ఫార్మర్ అంచున గోధుమరంగు మైనం చుక్కలు గట్టిపడి ఉంటే అది ఎప్పుడో ఒకసారి అతిగా వేడెక్కింది. ఈజెడ్ 80 గాజు తల మీద వెండిలా మెరవాల్సిన పూత పాలలా తెల్లబడితే లోపలికి గాలి చొరబడింది, ఆ వాల్వు ఇక పనికిరాదు.

ఇప్పుడు మీటరు తీసుకోండి. ప్లగ్గు రెండు పిన్నుల మధ్య, సెట్టు స్విచ్చి వేసిన స్థితిలో, ప్రైమరీ నిరోధం ఈ పరిమాణపు సెట్లలో సాధారణంగా కొన్ని పదుల ఓములు ఉంటుంది. అసలు ఏమీ చూపకపోతే ట్రాన్స్‌ఫార్మర్ పోయిందని కంగారు పడకండి. ముందు త్రాడు, స్విచ్చి, వోల్టేజీ సెలెక్టరు చూడండి, తప్పు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. హైటెన్షన్ వైండింగులో మధ్య ట్యాప్ నుంచి ఒక్కో కొసకు వంద నుంచి మూడు వందల ఓముల దాకా రావచ్చు. రెండు సగాలూ అచ్చంగా సమానంగా ఉండవు. బయటి పొరల్లో చుట్టిన సగానికి తీగ పొడవు ఎక్కువ కాబట్టి కొద్ది తేడా సహజం. ఒక సగం రెండోదానిలో సగానికి పడిపోయినా, పూర్తిగా తెగినా అది లోపమే.

రెక్టిఫయర్ వాల్వును సాకెట్టు నుంచి తీసేసి, సెట్టును సిరీస్ బల్బు ద్వారా మొదటిసారి వెలిగించండి. క్షణం పాటు బల్బు ప్రకాశంగా వెలిగి, హీటర్లు వేడెక్కే కొద్దీ తగ్గి, ఎర్రని తీగలా మిగలాలి. అలా కాకుండా నిండుగా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపి, మిగతా వాల్వులన్నీ, డయల్ బల్బులు కూడా తీసేసి మళ్లీ చూడండి. అప్పుడూ నిండుగానే వెలిగితే మెయిన్స్ వైపు కండెన్సర్ షార్టయినా అయి ఉండాలి, ట్రాన్స్‌ఫార్మర్ లోపల చుట్లు షార్టయినా అయి ఉండాలి. ఆ కండెన్సర్‌ను తెంచి పరీక్షించాకే ట్రాన్స్‌ఫార్మర్ మీద తీర్పు చెప్పండి. అది నిజంగానే పోతే, పాతదాన్ని పారేయకుండా కోర్, బ్రాకెట్లతో సహా మంచి ట్రాన్స్‌ఫార్మర్ వైండింగు షాపుకు తీసుకెళ్లండి. విప్పేటప్పుడు ఒక్కో వైండింగు చుట్ల సంఖ్యను, తీగ గేజును, ఇన్సులేషన్ కాగితం పొరలను రాసి పెట్టమని గట్టిగా చెప్పండి. మోటార్లు చుట్టే చెయ్యి ఈ పని చేయగలదు గాని, పొరల మధ్య కాగితం విషయంలో తొందరపడకూడదు.

ట్రాన్స్‌ఫార్మర్ బాగున్నట్టు తేలితే బల్బు తీసి, నేరుగా మెయిన్స్ ఇచ్చి, ఖాళీ సాకెట్టు 1, 7 పిన్నుల దగ్గర ఛాసిస్‌కు ఏసీ వోల్టేజీ కొలవండి. రెండూ దాదాపు సమానంగా, లోడు లేనందువల్ల 250 కంటే కొంచెం పైన ఉంటాయి. వోల్టేజీ సెలెక్టరులో 200, 220, 245 వంటి స్థానాలుంటే 245 ఎంచుకోండి. మన లైన్లలో రాత్రి వేళ 240 దాటడం మామూలే.

ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్ మార్చడం

పాత కండెన్సర్‌ను కొద్దికొద్దిగా వోల్టేజీ పెంచుతూ మళ్లీ తయారు చేయవచ్చని కొందరు నమ్ముతారు. దుకాణంలో వాడకుండా ఉండిపోయిన కండెన్సర్ విషయంలో నేనూ ఆ పద్ధతి పాటిస్తాను. అరవై ఏళ్లు సెట్టులో వేడి తిన్న కండెన్సర్‌ను మాత్రం మార్చాల్సిందే. ఇవాళ బాగా పనిచేసినా, మీరు ఇంట్లో లేని ఒక సాయంత్రం అది షార్టు కావచ్చు.

50 మైక్రోఫారడ్లకు బదులు 47 మైక్రోఫారడ్లు, 450 వోల్టులు, 105 డిగ్రీల రకం తీసుకోండి. పాతదాని మీద 350 అని ఉంటే 450 ఎందుకంటే, 250 వోల్టుల ఏసీకి శిఖర వోల్టేజీ 353. వాల్వులు కరెంటు లాగని సమయంలో కండెన్సర్ మీద దాదాపు అంతా పడుతుంది. లైను వోల్టేజీ పెరిగితే ఇంకా పైకి పోతుంది. స్పీకరులో వినిపించే గుంయ్‌మనే మోత తగ్గుతుందని రిజర్వాయర్ కండెన్సర్ విలువ పెంచకండి. ఈజెడ్ 80కి తయారీదారులు అనుమతించిన గరిష్ఠం 50 మైక్రోఫారడ్లు. అంతకు మించితే ప్రతి అర్ధావృత్తంలో క్యాథోడ్ నుంచి లాగే కరెంటు శిఖరం పెరిగి, వాల్వు ఆయుష్షు తగ్గుతుంది. ఇంకా మోత తగ్గించాలంటే రెండో కండెన్సర్‌ను కొద్దిగా పెంచవచ్చు.

కొత్తదాన్ని పాతదానికి సమాంతరంగా అతికించి వదిలేసిన సెట్లు ఎన్నో చూశాను. పాతది లీకవుతూనే ఉంటుంది, కాబట్టి దాని పాజిటివ్ తీగలన్నిటినీ విప్పి వేరు చేయాలి. ఛాసిస్ కింద చిన్న ట్యాగ్ స్ట్రిప్ బిగించి, కొత్త కండెన్సర్లను దాని మీద కూర్చోబెట్టి, పాత తీగలను ఆ ట్యాగులకు మార్చండి. పాత టంకాన్ని ముందు కరిగించి తీసేసి, ట్యాగును గీకి శుభ్రం చేసి, తీగను ట్యాగులో ఒక మెలిక వేసి, అప్పుడు టంకం పెట్టండి; మెరుస్తూ తీగ చుట్టూ పల్చగా పారితే అతుకు కుదిరినట్టు, గుండులా ముద్దకడితే కుదరనట్టు. పాత రూపం కావాలనుకునేవారు డబ్బాను అడుగు నుంచి ఒక సెంటీమీటరు పైన సన్నని రంపంతో కోసి, లోపలిది తీసి, కొత్త కండెన్సర్లు అందులో అమర్చి మళ్లీ అతికించవచ్చు. శ్రమతో కూడిన పనే, అయినా ఛాసిస్ అందం చెడదు.

ఇక్కడ ఒక్క విషయం జాగ్రత్తగా చూడండి. డబ్బా ఛాసిస్‌కు నేరుగా బిగించి ఉందా, మధ్యలో ఇన్సులేషన్ వాషరు ఉందా? వాషరు ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ మధ్య ట్యాప్‌కు, ఛాసిస్‌కు మధ్య ఒక చిన్న రెసిస్టర్ ఉండే అవకాశముంది. దాని మీద ఏర్పడే నెగటివ్ వోల్టేజీనే ఔట్‌పుట్ వాల్వుకు బయాస్‌గా, అంటే గ్రిడ్‌ను నెగటివ్‌గా ఉంచి వాల్వు లాగే కరెంటును అదుపు చేసే వోల్టేజీగా వాడతారు. అలాంటి సెట్టులో కొత్త కండెన్సర్ నెగటివ్‌ను తెలియక ఛాసిస్‌కు అతికిస్తే బయాస్ పోయి ఔట్‌పుట్ వాల్వు ఎర్రగా కాలుతుంది. పాత నెగటివ్ తీగ ఎక్కడికి పోయిందో కొత్తది కూడా అక్కడికే పోవాలి.

రెండు కండెన్సర్ల మధ్య రెసిస్టర్‌ను కూడా ఒక వైపు విప్పి కొలవండి. 1.5 కిలో ఓముల గుండా 25 మిల్లీఆంపియర్లు పోతే 37.5 వోల్టులు పడతాయి, వేడి ఒక వాటు లోపు. అయినా 5 వాట్లది వేస్తే చల్లగా ఉంటుంది. ఇంకా పాత సెట్లలో స్పీకరు ఫీల్డ్ కాయిలే చోక్‌గా పనిచేస్తుంది. అది తెగిపోతే పర్మనెంట్ మాగ్నెట్ స్పీకరు పెట్టి, కాయిల్ నిరోధానికి సమానమైన వైరువౌండ్ రెసిస్టర్ వేయాలి. అక్కడ 60 మిల్లీఆంపియర్లు, 1.5 కిలో ఓములు అంటే 5.4 వాట్లు, 15 వాట్లకు తగ్గకుండా తీసుకోండి.

రెక్టిఫయర్‌ను చంపిన దొంగ

మా మేనమామ గారి సెట్టు నా చేతికి వచ్చినప్పుడు రెక్టిఫయర్ పోయి ఉంది. వేరొకటి తెచ్చి వేశాను, పాడింది. పది రోజులకు అదీ పోయింది. మరొకటి వేసి, దీపం ఆర్పి చీకట్లో కూర్చుని చూశాను. మొదటి పావుగంట ఏమీ లేదు. తర్వాత ఈఎల్ 84 ఆనోడ్ రేకు మధ్యలో రూపాయి బిళ్లలో పావంత మచ్చ ముదురు ఎరుపు తిరిగింది, దాని పక్కనే ఈజెడ్ 80 ముట్టుకోలేనంత వేడెక్కింది. తప్పు రెక్టిఫయర్‌లో లేదు, కండెన్సర్ డబ్బాలో లేదు. పవర్ సప్లై బొమ్మలో అసలు కనిపించని ఒక కాగితపు కండెన్సర్ లీకవుతోంది.

ఆ కండెన్సర్ ఈబీసీ 81 ఆనోడ్ నుంచి ఈఎల్ 84 గ్రిడ్‌కు, అంటే 2వ పిన్నుకు ధ్వనిని అందిస్తుంది. విలువ సాధారణంగా 0.01 నుంచి 0.047 మైక్రోఫారడ్ల మధ్య ఉంటుంది. అవతలి వైపు వంద వోల్టుల దాకా డీసీ ఉంటుంది. మైనం పూసిన కాగితం తేమ పీల్చుకుని ఒక్క మైక్రోఆంపియరు లీకైనా, గ్రిడ్ రెసిస్టర్ 1 మెగాఓము అయితే గ్రిడ్ మీద 1 వోల్టు పాజిటివ్ ఏర్పడుతుంది. 5 మైక్రోఆంపియర్లు లీకైతే క్యాథోడ్ ఇచ్చే 7 వోల్టుల బయాస్ చాలావరకు రద్దవుతుంది. మామూలుగా ఆనోడ్, స్క్రీన్ కలిపి 53 మిల్లీఆంపియర్లు లాగే ఈఎల్ 84 అప్పుడు విచ్చలవిడిగా లాగుతుంది. ఈజెడ్ 80 హద్దు 90 మిల్లీఆంపియర్లు. మిగతా వాల్వుల వాటా కూడా కలిపితే ఆ హద్దు దాటడానికి ఎంతో సేపు పట్టదు. అందువల్ల ఈ కండెన్సర్ మంచిదో కాదో చూసే శ్రమ కూడా పెట్టుకోకుండా 630 వోల్టుల పాలిస్టర్ లేదా పాలీప్రొపిలీన్ రకంతో మార్చేయండి. పవర్ సప్లై బాగు చేయడంలో ఇది కూడా భాగమేనని నా గట్టి నమ్మకం.

మెయిన్స్ వైపు కండెన్సర్లనూ వదలకండి. ఫేజుకు న్యూట్రల్‌కు మధ్య ఉన్నదానికి ఎక్స్ 2 తరగతి, లైను నుంచి ఛాసిస్‌కు ఉన్నదానికి వై 2 తరగతి కండెన్సరే వేయాలి. మామూలు 630 వోల్టులది అక్కడ సురక్షితం కాదు. రెక్టిఫయర్ ఆనోడ్ల దగ్గర చిన్న కండెన్సర్లుంటే 1600 వోల్టుల పాలీప్రొపిలీన్ రకం వేయండి.

రెక్టిఫయర్ వాల్వు దొరకకపోతే

1ఎన్ 4007 డయోడ్లు వేయవచ్చు, అయితే వాల్వు తీసి డయోడ్ పెట్టినంత మాత్రాన పని పూర్తి కాదు. 250-0-250 వైండింగులో ఒక్కో డయోడ్ మీద వెనక్కి పడే వోల్టేజీ 700 దాటుతుంది. డయోడ్ హద్దు 1000 అయినా, లైనులో వచ్చే ఉప్పెనలను తట్టుకోవడానికి ఒక్కో ఆనోడ్ దారిలో రెండేసి డయోడ్లు వరుసగా వేయడం మేలు. వాల్వులో పడిపోయే ఇరవై వోల్టులూ డయోడ్లలో పడవు కాబట్టి, డయోడ్ల కలయిక నుంచి రిజర్వాయర్‌కు పోయే దారిలో 100 ఓముల, 5 వాట్ల రెసిస్టర్ పెట్టి మొదలుపెట్టి, కొలిచిన వోల్టేజీని బట్టి పెంచండి. ఈజెడ్ 80 నెమ్మదిగా వేడెక్కుతుంది గనుక హైటెన్షన్ కూడా నెమ్మదిగా పెరిగేది. డయోడ్లతో స్విచ్చి వేసిన క్షణమే పూర్తి శిఖర వోల్టేజీ వస్తుంది. 450 వోల్టుల కండెన్సర్లు పెట్టాకే ఈ మార్పు చేయండి. నా మట్టుకు నేను వాల్వు దొరికే దాకా ఆగడానికే ఇష్టపడతాను.

ట్రాన్స్‌ఫార్మర్ లేని ఏసీ/డీసీ సెట్లు

వాల్వుల పేర్లు యూసీహెచ్ 81, యూబీఎఫ్ 89, యూసీఎల్ 82, యూవై 85 అని ఉంటే మీ సెట్టు వేరే జాతి. ప్లగ్గు ఎటు పెట్టారన్నదాన్ని బట్టి అందులో ఛాసిస్ నేరుగా ఫేజు అయి కూర్చోవచ్చు. 1:1 ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా దాన్ని బల్ల మీద తెరవకండి. ఛాసిస్‌కు ఎర్త్ ఎన్నడూ కట్టకండి. హీటర్లన్నీ వరుసగా ఉంటాయి: 19, 19, 50, 38, మొత్తం 126 వోల్టులు, 100 మిల్లీఆంపియర్లు. 230లో మిగిలిన 104 వోల్టులు డ్రాపర్ రెసిస్టర్‌లో పడాలి, అంటే సుమారు 1 కిలో ఓము, 10 వాట్ల వేడి. తెగిన డ్రాపర్‌కు బదులు 25 వాట్ల సిరామిక్ వైరువౌండ్ వేసి, కండెన్సర్లకు దూరంగా, గాలి తగిలే చోట బిగించండి. ఈ సెట్టులో ఒక్క వాల్వు తీసినా హీటర్లన్నీ ఆరిపోతాయి, కాబట్టి వాల్వులు తీసి చూసే పైన చెప్పిన పరీక్షలు దీనికి వర్తించవు.

మళ్లీ వెలిగించడం

ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న మన ఉదాహరణ సెట్టుకు మూడు తీగల కొత్త త్రాడు వేసి, ఎర్త్‌ను ఛాసిస్‌కు గట్టిగా బిగించి, ఫేజులో స్విచ్చికి ముందే 500 మిల్లీఆంపియర్ల స్లోబ్లో (క్షణకాలపు అధిక కరెంటును ఓర్చుకునే) ఫ్యూజు పెట్టండి. పాజిటివ్, నెగటివ్‌లు మరొకసారి సరిచూసుకోండి. ఈజెడ్ 80 పెట్టి, స్పీకరు కట్టి ఉందో లేదో చూసుకుని, సిరీస్ బల్బు ద్వారా వెలిగించండి. స్పీకరు లేకుండా నడిపితే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కు ప్రమాదం. బల్బు మొదట వెలిగి, తగ్గి, వాల్వులు వేడెక్కాక మళ్లీ కొంచెం పెరిగి మధ్యస్థంగా నిలవాలి. అయిదు నిమిషాలు అలాగే ఉంచి, కండెన్సర్లను కరెంటు తీసి, డిస్చార్జి చేశాక ముట్టుకుని చూడండి. గోరువెచ్చన కూడా కాకూడదు.

తర్వాత నేరుగా మెయిన్స్ ఇచ్చి నాలుగు చోట్ల కొలవండి. రిజర్వాయర్ మీద 250 నుంచి 280 వోల్టులు, రెండో కండెన్సర్ మీద అంతకంటే ముప్పై నలభై తక్కువ, ఈఎల్ 84 క్యాథోడ్ మీద 7 వోల్టుల చుట్టుపక్కల, దాని గ్రిడ్ మీద సున్నా. క్యాథోడ్ ఏకంగా 10 దాటితే గ్రిడ్ మీద పాజిటివ్ ఉందేమో మళ్లీ చూడండి. స్పీకరులో మోత మిగిలి ఉంటే దాని స్వరం వినండి: ఫిల్టరు లోపం వల్ల వచ్చేది 100 హెర్ట్జ్, కొంచెం కరుకుగా ఉంటుంది, హీటరు నుంచి క్యాథోడ్‌కు లీకై వచ్చేది 50 హెర్ట్జ్, మెత్తగా, లోతుగా ఉంటుంది.

గంట సేపు మీ కళ్లెదుటే పాడనివ్వండి. పావుగంటకొకసారి ఆ నాలుగు వోల్టేజీలు కాగితం మీద రాసుకోండి. చివర కరెంటు తీసి, ట్రాన్స్‌ఫార్మర్ మీద అరచేయి పెట్టి చూడండి. వెచ్చగా ఉండి చేయి ఆనించి ఉంచగలిగితే, వోల్టేజీలు గంటలో మారకపోతే, ఛాసిస్‌ను పెట్టెలో బిగించి ఆ కాగితాన్ని మడిచి వెనక అట్ట లోపలి వైపు అంటించండి. పదేళ్ల తర్వాత దాన్ని తెరిచే వారికి ఆ అంకెలు అవసరమవుతాయి.